పదకొండో సంచి

మార్చి నాలుగో తారీఖు, మంగళవారం. ఆ పూట ఏం తిన్నారో కూడా చర్చి సంఘపెద్ద ఆరోగ్యానికి గుర్తుంది. విశ్రాంతమ్మ వండి పంపిన బగారన్నం, నాటుకోడి కూర. తెల్లారితే భస్మ బుధవారం. ఈస్టరు దాకా నీసు ముట్టరు గనుక ఆ పూట కడుపారా తినడం వాళ్ల ఇళ్లలో రివాజు. గిన్నె అడుగున అంటుకున్న మసాలాను వేలితో గీకి చివరి రెండు ముద్దలు కలుపుకున్నాడు జాషువా. భార్య పోయిన నాలుగేళ్లలో, కొడుకు ఎడమచేతిలో ఫోను లేకుండా అన్నం తినడం ఆరోగ్యం చూసింది ఆ ఒక్కరోజే.

"రేపటి సంది ఫోను ఎట్లాగూ ఉండదు గద నాయినా. ఇయ్యాలే అలవాటు చేస్కుంటున్న" అని నవ్వాడు ఆ పందొమ్మిదేళ్ల పిల్లాడు.

ఆ నవ్వుకు ఆరోగ్యం పొంగిపోయాడు. ఈస్టరు ముందటి శ్రమదినాల్లో పిల్లలు మాంసం మానితే చాలదు, ఫోనులు మానాలి అని సంఘంలో లేచి చెప్పింది ఆయనే మరి. మర్నాడు పదకొండు మంది పిల్లలు తమ ఫోనులు తెచ్చి ఇచ్చారు. గుడి ఊడ్చి, గంట కొట్టే విశ్రాంతమ్మ పాత తెరగుడ్డ చించి పదకొండు సంచులు కుట్టింది. ఒక్కోదాని మీద ఎర్రదారంతో పేరు. ఫోను లోపల పెట్టగానే సంచి మూతి కూడా కుట్టేసి, సామాన్ల గదిలోని ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టింది. అందరికంటే ముందు ఇచ్చినవాడు జాషువా. చివర ఇచ్చింది విశ్రాంతమ్మ కూతురు అక్సా. డాక్టరు సీటు కోసం ఖమ్మంలో రెండేళ్లు కోచింగు తీసుకుని, పరీక్షకు ఇంట్లోనే చదువుకుంటానని వచ్చిన పిల్ల. అయినా ఫోను ఇచ్చేసిందని సంఘమంతా మెచ్చుకుంది. దేవుడికి ఇచ్చింది మధ్యలో తెరిచి చూడకూడదు. ఈస్టరు నాడే తెరవాలి.

ఆ తర్వాతివి మంచి రోజులు కావు. వారం తిరక్కముందే జాషువా చేతులు వణకడం మొదలైంది. నిద్రపోయేవాడు కాదు. ఖాళీ అరచేతిని బొటనవేలితో గీకుతూ మంచం మీద కూర్చునేవాడు. నెల దగ్గరపడుతుండగా విశ్రాంతమ్మ కాళ్లు పట్టుకుని "ఒక్క పది నిమిషాలు తాళంచెవియ్యి అత్తా" అని ఏడ్చాడు. అది పదిమందీ చూశారు.

మొన్న శనివారం పొద్దున అయిదింటికి గుడిగంట మోగలేదు. ఎందుకు మోగలేదో చూద్దామని వెళ్లినవాళ్లకు సామాన్ల గదిలో విశ్రాంతమ్మ తల పగిలి పడి కనిపించింది. ఆ తలను ఒళ్లో పెట్టుకుని, చొక్కానిండా నెత్తురుతో జాషువా కూర్చుని ఉన్నాడు. గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టే ఇనుప కడ్డీ కనిపించలేదు. పెట్టెకు తాళం వేసే ఉంది, చెవి తాళానికే వేలాడుతోంది. భద్రాచలం దవాఖానాలో పధ్నాలుగు కుట్లు పడ్డాక విశ్రాంతమ్మ కళ్లు తెరిచి, "జారి పడ్డ" అంది. ఎవరూ నమ్మలేదు. జాషువా మూడు రోజులుగా నోరు విప్పలేదు.

* * *

మంగళవారం సాయంత్రం నాలుగున్నర. సారపాక శివార్లలోని కర్ర యార్డులో ఆరోగ్యం జామాయిల్ దుంగల దొంతరలు కొలుస్తున్నాడు. ఆయన పనే అది. ఆరడుగుల టేకు కొలకర్ర దొంతరకు ఆనించి, ఎత్తూ వెడల్పూ చూసి, కొలిచిన దుంగ చివర సుద్దతో గీత పెడతాడు. ఒకరి మాట మీద కొలత రాసుకోడని ఆయనకు పేరు.

ఆటో హారను ఆగకుండా మోగింది. పక్కింటి హమీద్. ఇంజను ఆపకుండానే అరిచాడు.

"ఆరోగ్యం భాయ్, జల్దీ ఎక్కు! షాలేమ్‌రాజు మనుషులను తీస్కొచ్చిండు. పోరన్ని బయటికి గుంజిన్రు."

కొలకర్ర చేతిలో ఉన్న సంగతి కూడా మరిచి ఎక్కాడు ఆరోగ్యం.

షాలేమ్‌రాజు విశ్రాంతమ్మకు మరిది. అన్న పోయినప్పటి నుంచీ ఆ తల్లీకూతుళ్లకు మగదిక్కు తనే అనుకుంటాడు. వీళ్లు చేరేసరికి ఆరోగ్యం ఇంటి ముందు ఆరుగురు మగవాళ్లున్నారు. జాషువా జుట్టు షాలేమ్‌రాజు పిడికిట్లో ఉంది. కుర్రాడి పెదవి చిట్లి, నెత్తురు గడ్డం మీదుగా బనీను మీద కారుతోంది. వెనకనుంచి ఒకడు వెదురుబద్దతో పిక్కల మీద కొడుతున్నాడు, గొడ్డును తోలినట్టు.

"వచ్చినవా బావా!" అన్నాడు షాలేమ్‌రాజు. "సంఘపెద్దవు. మంది పిల్లలకు నీతులు చెప్పినవు. నీ పిల్లగాడు నోరు తెరుస్తడా, నన్ను తెరిపియ్యమంటవా?"

"వాన్ని ఇడువు రాజూ. మాట్లాడుకుందాం."

"మూడు దినాల సంది మాట్లాడుడే గద! మా వదిన తల పుచ్చకాయ పగిలినట్టు పగిలింది. ఫోను కోసం! గా దరిద్రపు ఫోను కోసం!" అంటూ మోకాలితో జాషువా కడుపులో పొడిచాడు. కుర్రాడు రెండుగా మడతపడ్డాడు. గాలి అందక నోరు తెరిచాడు. "చూసినవా? ఏడ్వను గూడ ఏడ్వడు. గుండె గాదు, బండ."

ఇంకొకడు రాయి తీసుకున్నాడు. గుప్పిట్లో పట్టనంత రాయి.

ఆ రాయిని చూశాక ఆరోగ్యం బుర్ర ఒకే లెక్క వేసింది. తను కొడితే వీళ్లు ఆగుతారు. తండ్రి చేతి దెబ్బకు ఒక హద్దుంటుంది. పదిమంది చేతులకు ఉండదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా మొదటి దెబ్బ వరకు ఆయన ఆలోచన అదే. కొడుకును కాపాడడానికే కర్ర ఎత్తాడు.

"జరుగున్రి. నా కొడుకు. నేనడుగుత."

మొదటి దెబ్బ తొడ మీద. రెండోది వీపు మీద.

"చెప్పు! ఎందుకు కొట్టినవ్ అత్తను?"

జాషువా తల ఎత్తి చూశాడు. ఆ చూపులో భయం లేదు. జాలిలాంటిదేదో ఉంది. కన్నవాడి మీద జాలి. అది ఆరోగ్యం భరించలేకపోయాడు. నాలుగేళ్లుగా మూసిన తలుపు వెనకనుంచి వినపడ్డ ఆటల తుపాకీ మోతలు, పిలిస్తే పలకని పూటలు, ఫోను మీంచి కళ్లు తియ్యకుండా తిని సగంలో వదిలేసిన కంచాలు, దవాఖానాలో తల్లి ఆఖరి ఊపిరి తీస్తుంటే మంచం పక్కన వెలుగుతున్న ఆ చిన్న అద్దం, అన్నీ ఒక్కసారి భుజంలోకి దిగాయి. మూడో దెబ్బ నుంచి ఆయన కాపాడడం లేదు. కొడుతున్నాడు.

"నీ తల్లి పోంగ అన్నం పెట్టిన చెయ్యిరా అది! దాన్ని... దాన్ని..."

కర్ర గాలిలో ఊళ వేస్తోంది. వీపు మీద బనీను చిరిగింది. చర్మం చిట్లింది. జాషువా పక్కకు దొర్లి తల దాచుకోవడానికి ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బ మోచేతి కింద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. విరిగింది కొలకర్రే అనుకున్నాడు ఆరోగ్యం. నిజమే, అది నడిమికి విరిగింది. కానీ చెయ్యి కూడా ఉండకూడని చోట వంగి ఉంది.

అప్పుడు మాత్రం కుర్రాడు కేకపెట్టాడు. ఒకే ఒక్క కేక. వీధి చివర ఆరబెట్టిన ఇప్పపూలు ఎత్తుకుంటున్న ఆడవాళ్లు బుట్టలు వదిలేసి లేచి నిలబడ్డారు.

సగం కర్రతోనే మళ్లీ చెయ్యెత్తిన ఆరోగ్యాన్ని హమీద్ వెనకనుంచి నడుం పట్టి ఎత్తి అరుగు మీద పడేశాడు. "పిచ్చి లేసిందా? సంపుతవా? సంపి ఏమడుగుతవ్?"

ఆరోగ్యం చేతిలోని ముక్క దానంతటదే జారిపోయింది.

రాయి పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా కింద పెట్టాడు. షాలేమ్‌రాజు మొహం నల్లబడింది. అంత రభస చేసినవాడు ఆ వంగిన చేతిని నేరుగా చూడలేక గుమ్మం వైపు తిరిగి మాట్లాడాడు.

"పొద్దుగాల ఎనిమిదింటికి నువ్వే స్టేషన్‌కు తీస్కరావాలె బావా. తప్పు ఒప్పుకుంటే సరి. లేకుంటే... నేను ఆపినా ఈళ్లు ఆగరు." వెళుతూ వెళుతూ గొంతు తగ్గించాడు. "వదినను ఇయ్యాల ఇంటికి పంపిన్రు. అక్సా ఉన్నది చూస్కోను."

హమీద్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. విరిగిన కొలకర్ర ముక్కలు రెండూ ఏరి జాషువా చేతికి అటూ ఇటూ పెట్టి, భుజం మీది తువ్వాల చింపి కట్టు కడుతున్నాడు. "కొద్దిగ ఓర్సుకో బేటా. నా ఆటోకు బ్రేకులు లేవని తిడతవు గద. ఇయ్యాల చూడు, కుదుపు లేకుండ తీస్కపోత." ఎదురింటి ఆవిడెవరో మాట్లాడకుండా చెంబుతో నీళ్లు తెచ్చి కుర్రాడి నోటికి అందించింది. అంతసేపూ తలుపు చాటున నిలబడి చూసిన మనిషే ఆవిడ.

ఆరోగ్యం లేచాడు. కొడుకు వైపు చూడలేదు. గుడి వైపు నడిచాడు.

* * *

సామాన్ల గదిలో ఫినాయిలు వాసన. నెత్తురు కడిగిన చోట సిమెంటు ఇంకా కాస్త ముదురుగానే ఉంది. పెట్టె తాళంచెవి శనివారం నుంచీ ఆయన చొక్కా జేబులోనే ఉంది, సంఘపెద్ద గనుక. అడిగినవాళ్లకు కూడా ఆయనే చెప్పాడు, "తాళం వేసే ఉంది గద, దొంగ తెరవకముందే విశ్రాంతమ్మ అడ్డం పడ్డది. దేవుని సొత్తు ముట్టొద్దు" అని.

ఇప్పుడు ముట్టాడు. జాషువా ఫోనును గంట పట్టాకేసి బాది పిండి చెయ్యాలని వచ్చాడు. ఈస్టరు దాకా ఆగే ఓపిక లేదు.

జాషువా సంచి అన్నిటికంటే అడుగున ఉంది. మొదట ఇచ్చింది గదా. మూతి కుట్టు చెక్కుచెదరలేదు. విశ్రాంతమ్మ కుట్టు చీమల బారులా సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటుంది. పళ్లతో తెంపాడు. లోపల ఫోను, అద్దం మీద మూలకు ఉన్న పాత పగులుతో సహా. మీట నొక్కి పట్టుకున్నాడు. వెలగలేదు. ముప్పై అయిదు రోజులుగా చచ్చిపడి ఉంది.

ఫోనును పక్కన పెట్టి మళ్లీ పెట్టెలోకి వంగాడు.

మిగిలినవి ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చాడు. ప్రతిదీ కళ్లారా చూసుకోవడం దుంగల కొలతలో రోజూ చేసే పనే, ఈ పెట్టె దగ్గర మాత్రం చెయ్యని పని. పది సంచులకూ అదే చీమల బారు కుట్టు. పదకొండోదానికి కుట్లు పెద్దవి, వంకరవి, దారం కూడా వేరు. పేరు చూశాడు. అక్సా. ముక్కు దగ్గరికి తెచ్చేసరికి మల్లెపూల వాసన. కుట్టు విప్పితే అరచేతిలోకి ఒక కొత్త ఒంటిసబ్బు జారింది.

ఆ గదిలో ప్లగ్గు ఒక్కటే ఉంది, పెట్టె వెనక. దానికి ఫోను చార్జరు గుచ్చి ఉంది.

ఎట్లా వెనక్కి వచ్చాడో ఆయనకు తెలియదు. ఆటో ఇంకా కదల్లేదు. జాషువా వెనకసీట్లో తల వాల్చి ఉన్నాడు. సంచీ, సబ్బూ వాడి ఒళ్లో పెట్టాడు ఆరోగ్యం. ఆయన గొంతు తండ్రి గొంతులా లేదు.

"నువ్వు కాదు."

జాషువా సబ్బు వైపు చూశాడు. మూడు రోజుల తర్వాత నోరు విప్పాడు. పెదవి వాచి మాటలు ముద్దగా వచ్చాయి.

"నాకు నిద్ర రాదు గద నాయినా. గంట మోగినంక గంటసేపు పడుతది. రోజూ గంట కోసమే చూస్త. శనివారం మోగలే. పోయి చూసిన. అక్సా ఎనక తలుపుల నుంచి ఉరుకుతుంది. అత్త కింద పడి ఉన్నది."

"మరెందుకు చెప్పలే? ఇన్ని దెబ్బలు..."

"అత్త నా చెయ్యి పట్టుకున్నది. నెత్తురు కండ్లలకు కారుతుంటే గూడ... 'నా బిడ్డ పేరు నీ నోట రానియ్యకు కొడుకా' అన్నది. సరే అత్తా అన్న." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు నువ్వే చూసినవు. నేను చెప్పలే."

హమీద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎందుకురా? తల్లిని?"

"ర్యాంకులు నాయినా. కోచింగోళ్లు పొద్దుగాల అయిదింటికి పెడతరు గ్రూపుల. ముందుదినం పరీక్షది. చూడకుంటే దానికి ఊపిరాడదు. తగ్గితే ఇంక చెప్పొద్దు, చేతులు కొరుక్కుంటది. ఫోను ఇచ్చిన పదో దినానికే తీస్కున్నది. నాకు చెప్పింది. 'నీకూ తీసియ్యాల్నారా' అని అడిగింది గూడ. నేనే వద్దన్న." వాడి ముఖంలో ఒక్క క్షణం ఆ మార్చి నాలుగో తారీఖు నవ్వులాంటిది మెరిసి, నొప్పిలో పోయింది. "గంట కొడదామని కడ్డీ కోసం అత్త గదిలకు పోయినట్టుంది. ఫోను గుంజుకున్నట్టుంది."

"కడ్డీ ఏదీ?"

"నేను పొయ్యేటాలకే లేదు." జాషువా కుడిచేత్తో తండ్రి చొక్కా పట్టుకున్నాడు. "నాయినా, నా చేతికేం గాదు. హమీదు మామ ఉన్నడు. అత్త ఇంటికొచ్చిందట గద. నువ్వు ఆడికి పో. అది ఫోను ఇయ్యదు. అత్త అడగక మానదు."

కొట్టిన చేతిని కొడుకు తల మీద పెట్టాలనుకుని, పెట్టలేక, ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు ఆరోగ్యం. ఆ సంగతి కనిపెట్టినట్టు జాషువా తనే తల కొంచెం వంచి ఆ వేళ్లకు ఆనించాడు. వాడి ఒళ్లోంచి సంచీ, సబ్బూ తిరిగి తీసుకున్నాడు ఆరోగ్యం. ఆటో మెల్లగా కదిలింది. హమీద్ నిజంగానే ఒక్క గుంట కూడా తగలనివ్వలేదు.

* * *

దీపాలు పెట్టే వేళ. గుడి గోడకు ఆనుకున్న రెండు గదుల ఇల్లు. కిటికీ సగం తెరిచి ఉంది.

మంచం మీద విశ్రాంతమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. తల చుట్టూ తెల్లటి కట్టు. పక్కన అక్సా, గంజి చెంచాతో తీసి, ఊది, తల్లి పెదవులకు అందిస్తోంది. మూతి పక్కన జారిన చుక్కను తన చున్నీ కొసతో తుడిచింది. ఎంత మెల్లగా తుడిచిందో. చూసేవాళ్లకు కళ్లు చెమ్మగిల్లే దృశ్యం. కానీ రెండు చెంచాలకు మధ్య ఆ పిల్ల చూపు ఒడిలోకి జారుతోంది. ఒడిలోనుంచి నీలం వెలుగు గడ్డం మీద పడుతోంది. చెంచా పట్టిన చేతి బొటనవేలి గోరు కొరికి కొరికి మాంసం తేలి ఉంది.

విశ్రాంతమ్మ కళ్లు కిటికీ వైపు తిరిగాయి. ఆరోగ్యం చేతిలోని తెల్లసంచిని చూశాయి. ఆమె తల అడ్డంగా కదిలింది, కట్టు అనుమతించినంత. వద్దు.

ఆయన తలుపు తట్టాడు.

తెరిచిన అక్సా కళ్ల కింద నల్లని చారలు. ఒడిలోని వెలుగు ఎక్కడికో మాయమైంది. "ఎవరూ... మామా! జాషువాకు చెయ్యి ఇరిగిందంట గద? చిన్నాయన చెప్పిండు. నువ్వే కొట్టినవంట."

"అవ్. నేనే."

"పాపం" అంది అక్సా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు నిజంగానే వణికింది. అంతలో చూపు ఆయన చేతి మీద పడింది. మల్లెపూల వాసన ఇద్దరి మధ్యా నిలబడింది. "గా సంచి ఏంది మామా?"

"నీకు తెల్వదా బిడ్డా?"

పిల్ల తలుపు రెక్క పట్టుకుంది. ఇరవై ఏళ్లు నిండని ఆ మొహం ఒక్క క్షణం ముసలిదైంది.

"నేను ఎవ్వరికీ చెప్పలే. ఇంకా చెప్పలే" అన్నాడు ఆరోగ్యం. "పొద్దుగాల ఎనిమిదింటికి నా కొడుకు స్టేషన్‌కు పోవాలె. వాడు చెయ్యని పనికి. లోపలికి రానియ్యి అక్సా. మీ అమ్మతోని, నీతోని కూసోని మాట్లాడుత. ఇయ్యాల నేను గీ అరుగు మీదనే పండుకుంట."

లోపలినుంచి విశ్రాంతమ్మ గొంతు, బలహీనంగా, తొందరగా వచ్చింది. "అన్నా, నువ్వు పో! నా బిడ్డ నన్ను మంచిగ చూస్కుంటుంది. గంజి గూడ తాపింది. నువ్వు నీ పిల్లగాని దగ్గరికి పో!"

ఎక్కడో చున్నీ మడతల్లో ఫోను ఒక్కసారి గుర్రుమంది. అక్సా భుజం అదిరింది. ఆయన మీది చూపు అక్కడికక్కడే ఆరిపోయింది. మనిషి గుమ్మంలోనే ఉంది, అంతే.

"అమ్మ పండుకునే టైమైంది మామా" అంది ఎంతో నెమ్మదిగా. "పొద్దుగాల రా."

తలుపు రెక్క గుమ్మం వైపు జరుగుతోంది. దాని వెనక మూలలో, ఇంతసేపూ తలుపు కప్పి ఉంచిన చోట, గోడకు ఆనించి ఉన్నదాన్ని ఆరోగ్యం చూశాడు. మూరెడు ఇనుప కడ్డీ. అరచెయ్యి ఒరుసుకోకుండా పిడికి విశ్రాంతమ్మ చుట్టుకున్న ఎర్రగుడ్డ పేలిక. దాని కింద నల్లగా ఎండిన చారలు.

ఆయన చెయ్యి చాచేలోపే తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. తర్వాత లోపలి గడియ పడింది. అదీ మెల్లగానే, తల్లి నిద్ర చెడగొట్టడం ఇష్టం లేని పిల్ల వేసినట్టు.